మెసుట్ ఓజిల్: ప్రపంచకప్ గెలిచిన ఆటగాడు జర్మనీ జెర్సీని ఎందుకు వదిలేశాడు?

2018 జులై 22, ఆదివారం. జర్మనీ ఫుట్‌బాల్ జట్టు మిడ్‌ఫీల్డర్ మెసుట్ ఓజిల్ ట్విటర్‌లో ఒక ప్రకటన పెట్టాడు. ఒకటి కాదు, గంటల తేడాతో మూడు. మొదటిది ఒక ఫొటో గురించి. రెండోది మీడియా, స్పాన్సర్ల గురించి. మూడోది జర్మనీ ఫుట్‌బాల్ సంఘం గురించి. ఆ మూడో ప్రకటన చివర్లో అసలు విషయం చెప్పాడు: ఇక జర్మనీ తరఫున ఆడను.

అప్పటికి అతడి వయసు 29. దేశం కోసం 92 మ్యాచ్‌లు ఆడాడు, 23 గోల్స్ కొట్టాడు. నాలుగేళ్ల ముందు బ్రెజిల్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఫైనల్ సహా ఏడు మ్యాచ్‌ల్లోనూ ఆడాడు. జర్మనీ అభిమానులు ఓటు వేసి ఎన్నుకునే జాతీయ జట్టు ఉత్తమ ఆటగాడి అవార్డు అతడికి ఐదుసార్లు వచ్చింది.

అలాంటి ఆటగాడు గాయం వల్లో, ఫామ్ పోయో కాకుండా, తనను అవమానించారని, జాతి వివక్ష చూపారని చెప్పి తప్పుకున్నాడు. జట్టు గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసదారుడిని అన్నది ఆ ప్రకటన సారాంశం. యూరప్‌లో వలస కుటుంబాల పిల్లల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది.

అసలు ఓజిల్ ఎవరు? ఒక ఫొటో అతడి కెరీర్‌ను ఎలా మలుపు తిప్పింది? తప్పు ఎవరిది?

బొగ్గు గనుల ఊరి నుంచి

ఓజిల్ 1988 అక్టోబర్ 15న గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టాడు. పశ్చిమ జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఉంటుంది ఆ ఊరు. బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలతో ఒకప్పుడు జర్మనీ పరిశ్రమలకు గుండెకాయలాంటి ప్రాంతమది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ గనులకు, ఫ్యాక్టరీలకు కూలీలు చాలలేదు. దాంతో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఇటలీ, స్పెయిన్, గ్రీస్ లాంటి దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. 1961 అక్టోబర్ 30న టర్కీతోనూ చేసుకుంది. అలా వచ్చినవారిని 'గాస్ట్ ఆర్బైటర్' అన్నారు. అంటే 'అతిథి కార్మికులు'. పేరులోనే అసలు సంగతి ఉంది. అతిథి కొన్నాళ్లుండి వెళ్లిపోవాలి. రెండేళ్లు పనిచేసి తిరిగి వెళ్తారు, వారి స్థానంలో కొత్తవాళ్లు వస్తారు అన్నది మొదట్లో ప్రభుత్వాల ఆలోచన.

కానీ చాలామంది వెళ్లలేదు. కుటుంబాలను తెచ్చుకున్నారు. పిల్లలు అక్కడే చదివారు, అక్కడే పెరిగారు. ఓజిల్ తాత అలా వచ్చినవాడే. టర్కీలోని నల్ల సముద్ర తీరంలో జోంగుల్డాక్ అనే మరో బొగ్గు గనుల ప్రాంతం ఆ కుటుంబానిది. తండ్రి ముస్తఫా పసివాడిగా ఉన్నప్పుడే జర్మనీ చేరాడు. అంటే ఓజిల్ జర్మనీలో మూడో తరం.

గెల్సెన్‌కిర్షెన్‌లో చుట్టూ ఇనుప కంచె ఉన్న ఒక చిన్న మైదానంలో అతడు ఆట నేర్చుకున్నాడు. కంచె ఉండటంతో బంతి బయటికి పోదు, ఆట ఆగదు. ఇరుకు చోట, పెద్ద పిల్లల మధ్య బంతిని కాపాడుకోవాలి. ఆ తర్వాత ఓజిల్ ఆటలో అందరూ మెచ్చుకున్న లక్షణం కూడా అదే.

రాట్ వైస్ ఎస్సెన్ యువ జట్టులో ఐదేళ్లు ఆడాక, సొంతూరి క్లబ్ షాల్కే 04లో చేరాడు. 2006లో షాల్కే ప్రధాన జట్టులోకి వచ్చాడు. 2008 జనవరిలో వెర్డర్ బ్రెమెన్‌కు మారాడు. 2009లో జర్మన్ కప్ ఫైనల్లో లెవర్‌కుసెన్‌పై బ్రెమెన్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ ఓజిల్‌దే.

పాస్‌పోర్టు దగ్గరే మొదటి పరీక్ష

జర్మనీలో పుట్టినంత మాత్రాన ఓజిల్ జర్మన్ పౌరుడు కాలేదు. ఆ రోజుల్లో అక్కడి పౌరసత్వం తల్లిదండ్రులను బట్టి వచ్చేది, పుట్టిన నేలను బట్టి కాదు. 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, కొన్ని షరతులతో, అక్కడ పుట్టిన విదేశీయుల పిల్లలకు పౌరసత్వం ఇచ్చింది. ఓజిల్ అంతకు 11 ఏళ్ల ముందే పుట్టాడు.

జర్మన్ పౌరసత్వం కావాలంటే అప్పట్లో టర్కీ పౌరసత్వం వదులుకోవాల్సి వచ్చేది. భారతీయులకు ఇది కొత్త విషయం కాదు. భారత్ కూడా ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు భారత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. విదేశాల్లో పెరిగిన భారత సంతతి ఫుట్‌బాలర్లు మన జట్టుకు ఆడాలన్నా ఇదే అడ్డంకి.

2007లో ఓజిల్ టర్కీ పౌరసత్వం వదులుకున్నాడు. టర్కీ జట్టుకు ఆడే అవకాశం ఉన్నా జర్మనీనే ఎంచుకున్నాడు. ఇది టర్కీలో చాలామందికి నచ్చలేదు. జర్మనీలో మాత్రం చప్పట్లు కొట్టారు.

2009 జూన్‌లో స్వీడన్‌లో జరిగిన అండర్-21 యూరోపియన్ టోర్నీ ఫైనల్లో జర్మనీ 4-0తో ఇంగ్లండ్‌ను చిత్తుచేసింది. ఓజిల్ ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు. గోల్‌కీపర్ నోయర్, హుమ్మెల్స్, బోటెంగ్, ఖెదీరా కూడా ఆ జట్టులోని వాళ్లే. ఐదేళ్ల తర్వాత ప్రపంచకప్ గెలిచింది ఈ తరమే.

'కొత్త జర్మనీ'కి ముఖచిత్రం

2010లో దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌కు వెళ్లిన జర్మనీ జట్టులోని 23 మందిలో 11 మంది వలస మూలాలున్న కుటుంబాల వాళ్లు. పోలండ్, టర్కీ, ఘనా, ట్యునీషియా, బ్రెజిల్... ఇలా రకరకాల మూలాలు. జర్మనీ మారిందనడానికి ఈ జట్టును రుజువుగా చూపించారు.

ఆ జట్టుకు ఆటలో కేంద్రం 21 ఏళ్ల ఓజిల్. ఘనాపై అతడు కొట్టిన ఏకైక గోల్‌తోనే జర్మనీ గ్రూప్ దశ దాటింది. ఇంగ్లండ్‌పై 4-1, అర్జెంటీనాపై 4-0. ఈ రెండు మ్యాచ్‌ల్లోనూ చివరి గోల్‌కు పాస్ ఇచ్చింది ఓజిలే. సెమీఫైనల్లో స్పెయిన్ చేతిలో ఓడిన జర్మనీ మూడో స్థానంతో తిరిగొచ్చింది.

అదే ఏడాది అక్టోబర్ 8న బెర్లిన్‌లో జర్మనీ, టర్కీ తలపడ్డాయి. స్టేడియంలో టర్కీ మద్దతుదారులు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది జర్మనీలోనే పుట్టి పెరిగినవాళ్లు. ఓజిల్ బంతి తాకినప్పుడల్లా ఈలలు వేసి ఎగతాళి చేశారు. జర్మనీ 3-0తో గెలిచింది. అందులో ఓజిల్ గోల్ ఒకటి. గోల్ కొట్టాక అతడు సంబరం చేసుకోలేదు.

మ్యాచ్ అయ్యాక చాన్స్‌లర్ ఏంగెలా మెర్కెల్ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లి ఓజిల్‌తో కరచాలనం చేశారు. చొక్కా లేకుండా నిలబడ్డ ఓజిల్, నవ్వుతున్న మెర్కెల్. ఆ ఫొటో పత్రికలన్నింటిలో వచ్చింది. ఆ మరుసటి నెలలో 'సమైక్యతకు ఆదర్శం' అంటూ ఓజిల్‌కు ప్రఖ్యాత బాంబీ అవార్డు ఇచ్చారు.

ఈ రెండింటి మధ్య ఇంకోటి కూడా జరిగింది. బెర్లిన్ మ్యాచ్ అయిన ఎనిమిది రోజులకు, పోట్స్‌డామ్‌లో తన పార్టీ యువజన విభాగం సమావేశంలో మెర్కెల్ మాట్లాడారు. భిన్న సంస్కృతుల వాళ్లు పక్కపక్కన కలిసి బతికేస్తారన్న ఆలోచన పూర్తిగా విఫలమైందన్నారు. ఒకే నెలలో ఈ ఫొటో, ఆ ప్రసంగం. ఓజిల్ కథలో తర్వాత జరిగిన వాటికి బీజం ఇక్కడే కనిపిస్తుంది. సరిగ్గా కలిసిపోయినవాడు ఎలా ఉండాలో చూపించే నమూనాగా ఒక ఆటగాడిని నిలబెడితే, నమూనా తప్పటడుగు వేసిన రోజు ఏమవుతుంది?

ఆటలో అతడి ప్రత్యేకత ఏంటి?

ఫుట్‌బాల్‌లో ఓజిల్‌ది 'నంబర్ 10' పాత్ర. ప్రత్యర్థి డిఫెండర్ల వరుసకు, మిడ్‌ఫీల్డర్ల వరుసకు మధ్య కొంత ఖాళీ ఉంటుంది. నంబర్ 10 ఆ ఖాళీలో తిరుగుతూ బంతి అందుకుంటాడు. ఒకట్రెండు క్షణాల్లో గోల్ కొట్టేవాడికి పాస్ ఇస్తాడు. క్రికెట్‌లోలా ఇతడి విలువ స్కోరు బోర్డు మీద నేరుగా కనిపించదు. గోల్ వేరేవాడి పేరిట పడుతుంది. ఇతడి లెక్కలో చేరేది 'అసిస్ట్', అంటే గోల్‌కు ముందు ఇచ్చిన చివరి పాస్.

2010 ప్రపంచకప్ తర్వాత రియల్ మాడ్రిడ్ అతడిని కొనుక్కుంది. కోచ్ జోస్ మొరీన్యో జట్టులో రొనాల్డో, బెంజెమా, డి మరియా లాంటి వేగంగా పరిగెత్తే ఆటగాళ్లుండేవారు. వాళ్ల పరుగును ముందే పసిగట్టి పాస్ ఇవ్వడం ఓజిల్ పని. 2011-12లో మాడ్రిడ్ 100 పాయింట్లతో, 121 గోల్స్‌తో లా లిగా గెలిచింది.

2013 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ 4.25 కోట్ల పౌండ్లు పెట్టి అతడిని తీసుకుంది. అప్పటికి ఆ క్లబ్ చరిత్రలో అదే అత్యధికం. తొమ్మిదేళ్లుగా ఒక్క ట్రోఫీ లేని ఆర్సెనల్ 2014లో ఎఫ్ఏ కప్ గెలిచింది. 2015, 2017లోనూ గెలిచింది. 2015-16 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో ఓజిల్ 19 అసిస్టులు చేశాడు. అప్పటికి థియరీ ఆన్రీ పేరిట ఉన్న 20 అసిస్టుల రికార్డుకు ఒక్కటే తక్కువ.

అయితే అతడిపై ఒక విమర్శ ఎప్పుడూ ఉండేది. భుజాలు వాల్చి నడుస్తాడు, కష్టపడడు, పెద్ద మ్యాచ్‌ల్లో మాయమవుతాడు అనేవాళ్లు. ఇందులో కొంత అతడి శైలి, కొంత ఆటలోనే వస్తున్న మార్పు. బంతి పోగానే జట్టంతా మీద పడి తిరిగి లాక్కునే 'ప్రెసింగ్' పద్ధతి ఆ పదేళ్లలోనే బలపడింది. ఆ పద్ధతిలో ప్రతి ఆటగాడూ ఒక డిఫెండరే. బంతి కోసం ఖాళీలో నిలబడి ఎదురుచూసే నంబర్ 10కి చోటు తగ్గిపోయింది. ఓజిల్ ఆ పాత్రలో రాణించిన చివరి తరం ఆటగాడు.

లండన్‌లో తీసిన ఒక ఫొటో

2018 మే నెల. రష్యాలో ప్రపంచకప్‌కు దాదాపు నెల మాత్రమే ఉంది. లండన్ వచ్చిన టర్కీ అధ్యక్షుడు రెసెప్ తయ్యిప్ ఎర్డోగాన్‌ను ముగ్గురు ఫుట్‌బాలర్లు కలిశారు. ఓజిల్, జర్మనీ జట్టులోనే ఆడే ఇల్కాయ్ గుండోగాన్, టర్కీ ఆటగాడు జెంక్ టోసున్. జెర్సీలు ఇచ్చి ఫొటోలు దిగారు. గుండోగాన్ తన జెర్సీ మీద 'నా అధ్యక్షుడికి' అన్న అర్థం వచ్చేలా రాసిచ్చాడు. జర్మనీ జట్టులోని మరో టర్కీ మూలాల ఆటగాడు ఎమ్రే జాన్‌కూ పిలుపు వచ్చింది కానీ అతడు వెళ్లలేదు.

ఆ ఫొటోలను ఎర్డోగాన్ పార్టీ బయటపెట్టింది. జూన్ 24న టర్కీలో ఎన్నికలున్నాయి. జర్మనీలో ఉంటున్న టర్కీ పౌరులకూ ఆ ఎన్నికల్లో ఓటుంది.

జర్మనీలో ఆగ్రహానికి కారణాలు లేకపోలేదు. 2016లో సైనిక తిరుగుబాటు విఫలమయ్యాక ఎర్డోగాన్ ప్రభుత్వం వేలమందిని జైల్లో పెట్టింది. వాళ్లలో జర్నలిస్టులు ఎందరో. జర్మన్ పత్రికా ప్రతినిధి డెనిజ్ యుజెల్ ఏడాదిపాటు టర్కీ జైల్లో ఉండి 2018 ఫిబ్రవరిలోనే బయటికొచ్చారు. అది జరిగి మూడు నెలలు కూడా కాకుండా జర్మనీ ఆటగాళ్లు ఆ నాయకుడికి ఎన్నికల వేళ జెర్సీలు ఇవ్వడమేంటి అన్నది ప్రశ్న. మానవ హక్కుల కోణంలో అది న్యాయమైన ప్రశ్నే.

గుండోగాన్ వెంటనే వివరణ ఇచ్చాడు. ఇద్దరూ జర్మనీ అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్టర్ స్టెయిన్‌మయర్‌ను కలిశారు. ఓజిల్ మాత్రం బహిరంగంగా ఏమీ మాట్లాడలేదు. ప్రపంచకప్‌కు ముందు లెవర్‌కుసెన్‌లో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో సొంత అభిమానులే గుండోగాన్‌ను ఎగతాళి చేస్తూ ఈలలు వేశారు.

ఓటమి తర్వాత ఏం జరిగింది?

ప్రపంచకప్‌లో జర్మనీ మెక్సికో చేతిలో 0-1తో ఓడింది. స్వీడన్‌పై ఆఖరి క్షణాల్లో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఓజిల్‌ను ఆడించలేదు. జూన్ 27న కజాన్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి ఇంటిదారి పట్టింది. 80 ఏళ్లలో జర్మనీ తొలి దశలోనే నిష్క్రమించడం అదే మొదటిసారి.

ఆ టోర్నీలో జట్టులో ఒక్కరూ సరిగా ఆడలేదు. కొరియాపై గోల్ అవకాశాలు సృష్టించిన వాళ్లలో ఓజిలే ముందున్నాడు. సహచరులు వాటిని గోల్స్‌గా మలచలేకపోయారు. కానీ వేళ్లన్నీ అతడి వైపే చూపాయి. జట్టు మేనేజర్ ఒలివర్ బియర్‌హోఫ్, ఓజిల్ లేకుండా వెళ్లే విషయం ఆలోచించి ఉండాల్సిందన్నట్టు మాట్లాడి, తర్వాత సర్దిచెప్పుకున్నారు. ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు రైన్‌హార్డ్ గ్రిండెల్, ఓజిల్ బహిరంగంగా వివరణ ఇవ్వాలన్నారు.

ఈ నేపథ్యంలో వచ్చినవే ఆ మూడు ప్రకటనలు. ఎర్డోగాన్‌ను కలవడం రాజకీయం కాదని, తన కుటుంబం వచ్చిన దేశపు అత్యున్నత పదవికి ఇచ్చిన గౌరవమని ఓజిల్ రాశాడు. పోలండ్‌లో పుట్టిన క్లోజె, పొడోల్‌స్కీలను ఎవరూ జర్మన్-పోలిష్ అనరని, తనను మాత్రం ఎప్పుడూ జర్మన్-టర్కిష్ అనే ఎందుకంటారని ప్రశ్నించాడు. టర్కీ అయినందుకా, ముస్లిం అయినందుకా? తాను చదివిన స్కూలు కూడా ముందే అనుకున్న కార్యక్రమం నుంచి తప్పుకోవడం బాధించిందన్నాడు.

గ్రిండెల్‌పై అతడి ఆరోపణలు తీవ్రమైనవి. ఆయన గతంలో మెర్కెల్ పార్టీ ఎంపీ. బహుళ సంస్కృతి ఒక భ్రమ అంటూ 2004లో ఆయన పార్లమెంటులో అన్న మాటలను, ద్వంద్వ పౌరసత్వానికి వ్యతిరేకంగా వేసిన ఓటును ఓజిల్ గుర్తుచేశాడు.

జాతి వివక్ష ఆరోపణను ఫుట్‌బాల్ సంఘం తోసిపుచ్చింది. ఓజిల్‌పై జరిగిన జాత్యహంకార దాడిని తాను మరింత స్పష్టంగా ఖండించాల్సిందని గ్రిండెల్ ఆ తర్వాత ఒప్పుకున్నారు. బయర్న్ మ్యూనిక్ పెద్ద ఉలి హోయెనెస్ మాత్రం ఓజిల్ కొన్నేళ్లుగా చెత్తగా ఆడుతున్నాడని, ఇప్పుడు ఫొటో వెనుక దాక్కుంటున్నాడని ఎద్దేవా చేశారు. సహచరుడు టోనీ క్రూస్ కూడా ఆ ప్రకటనలోని ఆరోపణలను తప్పుపట్టాడు. మరోవైపు ఉద్యమకారుడు అలీ జాన్ మొదలుపెట్టిన 'మీ టూ'ను పోలిన హ్యాష్‌ట్యాగ్‌తో (రెండు అనే అంకె అర్థంలో) వేలమంది జర్మనీలో తమకు ఎదురైన వివక్షను రాసుకొచ్చారు. ఓజిల్ మాటలు అతడి ఒక్కడివే కావని ఆ పోస్టులు చూపించాయి.

ఆర్సెనల్‌లో చివరి రోజులు

2019 డిసెంబర్‌లో చైనాలోని వీగర్ ముస్లింల అణచివేతపై ఓజిల్ ఒక పోస్టు పెట్టాడు. ముస్లిం దేశాలు మౌనంగా ఉన్నాయని విమర్శించాడు. చైనా ప్రభుత్వ టీవీ ఆర్సెనల్ - మాంచెస్టర్ సిటీ మ్యాచ్ ప్రసారాన్ని ఆపేసింది. చైనాలో వీడియో గేమ్ నుంచి కూడా అతడిని తీసేశారు. అది ఓజిల్ సొంత అభిప్రాయమని, తమకు రాజకీయాలతో సంబంధం లేదని ఆర్సెనల్ చైనా సోషల్ మీడియాలో ప్రకటించింది.

కరోనా సమయంలో క్లబ్ ప్రతిపాదించిన 12.5 శాతం జీతం కోతకు అతడు ఒప్పుకోలేదు. 2020 మార్చి తర్వాత ఆర్సెనల్‌కు మళ్లీ ఆడలేదు. తర్వాతి సీజన్‌లో నమోదైన జట్టులోనే పేరు లేదు. ఇవి ఆట కారణాలతో తీసుకున్న నిర్ణయాలని కోచ్ మికెల్ ఆర్టెటా చెప్పాడు. 2021 జనవరిలో ఓజిల్ ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచేకు, తర్వాత బషక్షెహిర్‌కు వెళ్లాడు. 2023 మార్చి 22న ఆటకు పూర్తిగా వీడ్కోలు చెప్పాడు.

మరి ఎవరు రైట్?

2019లో ఓజిల్ పెళ్లికి ఎర్డోగాన్ సాక్షిగా నిలబడ్డారు. 2023లో బయటికొచ్చిన ఒక ఫొటోలో ఓజిల్ ఛాతీపై, టర్కీ అతివాద జాతీయవాద బృందం 'గ్రే వుల్వ్స్' గుర్తును పోలిన పచ్చబొట్టు కనిపించింది. 2025 ఫిబ్రవరిలో ఎర్డోగాన్ పార్టీ కేంద్ర నిర్ణాయక మండలిలో సభ్యుడయ్యాడు. చూశారా, మేం ముందే చెప్పాం అన్నారు అతడి విమర్శకులు. జర్మనీ నెట్టేయబట్టే అటు వెళ్లాడన్నారు మద్దతుదారులు.

ఈ వాదనల్లో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఎర్డోగాన్‌తో ఫొటో దిగడం సరైనదా? దానికి ఓజిల్ జవాబు చెప్పాల్సిందే. రాజకీయం కాదన్న అతడి మాటను తర్వాతి అడుగులు బలహీనపరిచాయి కూడా. రెండో ప్రశ్న వేరు. 11 మంది కలిసి ఓడిన మ్యాచ్‌కు ఒకడి పుట్టుపూర్వోత్తరాలను ఎందుకు తవ్వారు? ఓజిల్ తర్వాత ఏ పార్టీలో చేరినా, 2018లో ఆ ప్రశ్నకు ఉన్న విలువ తగ్గదు. అదే వేసవిలో జర్మనీ మాజీ కెప్టెన్ లోథర్ మాథ్యూస్ రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను కలిసి ఫొటో దిగాడు. జర్మన్‌గా అతడి నిబద్ధతను ఎవరూ శంకించలేదు.

గుండోగాన్ మరో దారి చూపించాడు. అదే ఊళ్లో పుట్టి, అదే ఫొటోలో ఉన్న అతడు ఈలలు భరించాడు, మాట్లాడాడు, జట్టులో కొనసాగాడు. 2024లో సొంతగడ్డపై జరిగిన యూరో టోర్నీలో జర్మనీకి కెప్టెన్‌గా ఆడాడు. దీన్నిబట్టి జర్మనీ మారిందనీ అనొచ్చు, భరించగలిగిన వాళ్లకే చోటు దొరుకుతుందనీ అనొచ్చు.

ఆ టోర్నీ జరుగుతుండగానే, 2024 జూన్ 27న జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. జర్మన్ పౌరులు కావడానికి పాత పాస్‌పోర్టు వదులుకోవాల్సిన పనిలేదు. 18 ఏళ్ల వయసులో ఓజిల్ చేయాల్సి వచ్చిన ఎంపికను గెల్సెన్‌కిర్షెన్‌లో ఇప్పుడు ఆడుకుంటున్న పిల్లలు చేయక్కర్లేదు. చట్టం మార్చగలిగింది అంతవరకే. జట్టు ఓడిన రోజు ఆ పిల్లలను ఏమని పిలుస్తారన్నది ఏ చట్టమూ తేల్చలేదు.